నలగని చొక్కా

కంటైనర్‌లో ఇంకా సగం సరుకుంది. పెంచల్ భుజం మీది బియ్యం బస్తా దించి గోడ గడియారం చూశాడు. తొమ్మిది నలభై. పదింటికి ఫోన్‌లో క్లాసు. కథలు రాయడం నేర్పే కోర్సు. మూడేళ్లుగా అట్టపెట్టెల ముక్కల మీద రాసుకున్న కథల్లో ఒకటి పంపితే సీటొచ్చింది. క్లాసు శుక్రవారాలే. కువైట్‌లో వాళ్ల దజీజ్ గోడౌన్‌కి కంటైనర్లు వచ్చేదీ శుక్రవారాలే.

సూపర్‌వైజర్ సుధాకర్ ఆఫీసు గదిలోకి పిలిచాడు. ఆయనదీ కడప పక్కే. బల్ల మీద టైపు చేసిన కాగితం ఉంది.

“సంతకం పెట్టబ్బీ. పెట్టి పోయి నీ కతల క్లాసు ఇనుకో. ఇంగ ప్రతి శుక్రవారం నీకు సెలవే.”

పెంచల్ చదివాడు. పదకొండు రోజుల కిందట ఎత్తయిన ర్యాకు మీద నుంచి పడి చనిపోయిన అల్లాబకష్ ఇక్కడ పనివాడు కాడట. స్నేహితుణ్ణి చూడడానికొచ్చి, ఎవరూ చెప్పకుండానే ఎక్కాడట.

“నాలుగేండ్లు నా పక్కన మోసినాడు గదన్నా.”

“యాడ రాసుందబ్బీ మోసినట్టు? వాని ఇఖామా పర్మిటు సాల్మియాలో కిరాణా కొట్టు పేరు మీదుంది. అది సాలకపోతే ఇది ఇను. మా ఆయన పని ఇదీ అని వాని పెండ్లామే పంపింది.”

ఫోన్ నొక్కాడు. అల్లాబకష్ గొంతు.

“కొట్టులో కూచోని బిల్లులు కొడతాండా మహబూబ్. ఏసీ సల్లగుంటాది. పొద్దుగూకినా సొక్కా నలగదు...”

 ఆ మాటలు పెంచల్ రాసినవి. తమ గదిలో ఉండేవాళ్లందరూ ఇళ్లకు పంపే వాయిస్ మెసేజ్‌లు తనే రాసిచ్చేవాడు. ఎండ, బరువు, తిట్లు తీసేసి రాస్తే వాళ్లు చూసి చదివేవారు.

“బాగా రాసినావులే,” అన్నాడు సుధాకర్. “ఎవురైనా నమ్ముతారు.”

“నేను పెట్టనన్నా.”

“నీ ఇఖామా గూడా దర్జీ కొట్టుదే. సూది పట్టుకోను వస్తాదా నీకు? రేపు ఎవురన్నా అడిగితే ఏం జెప్తావు?”

పెంచల్ కాగితాన్ని బల్ల మీదే వదిలి బయటికొచ్చాడు. కంటైనర్ చాటున నిలబడి రాయచోటిలో ఉన్న అల్లాబకష్ భార్య మహబూబ్ బీకి ఫోన్ చేశాడు.

“చెల్లీ, పెంచల్‌ని. ఆ మెసేజ్ నేను అల్లిన కత. ఆయన ఈడ బస్తాలు మోసినాడు. పనిలోనే పడినాడు. ఆ మెసేజ్ అబద్దమని నువ్వు చెప్పల్ల. లేకుంటే నీకు పరిహారం రాదు.”



“కూచోని పనిచేసిన మనిషిని సచ్చినాంక కూలోణ్ని చేస్తావా అన్నా?”

“నిజం చెల్లీ.”

“ఆయన నాతో అబద్దమాడడు. ఎవురు చెప్పమన్నారు నీకు? మెహతాబ్, మీ అబ్బా మాట పెట్టు. ఈ అన్నగూడా ఇనాల.”

ఆమె కూతురు ఏదో నొక్కిన చప్పుడు. బిల్లులు, చల్లటి ఏసీ. తరువాతి వాక్యమేమిటో పెంచల్‌కి తెలుసు. చొక్కా మాట దగ్గర అల్లాబకష్‌కి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాడు. అది తను రాయలేదు.

“సూడు, ఎంత సంతోషంగా ఉండాడో,” అంది మహబూబ్ బీ.

పది దాటింది. ఫోన్ తెర మీద క్లాసు పిలుపు వెలిగింది. గోడౌన్ లోపలి నుంచి సుధాకర్ అతన్ని పేరు పెట్టి పిలుస్తూ అరుస్తున్నాడు. రాయచోటిలో మెహతాబ్ ఆ మెసేజ్‌ని మళ్లీ మొదటి నుంచి పెట్టింది.