ఆగ్నేయ మూలలో ఒక ఛార్జింగ్ పెట్టె

నేను ఒక ఛార్జింగ్ పెట్టెను. గోడకు బిగించిన తెల్లని డబ్బా, దాని నుంచి వేలాడే ఐదు మీటర్ల నల్లని తీగ, తీగ చివర చేతిలో ఇమిడే ఒక పిడి. ఇంతే నా శరీరం. నేను బలమిచ్చే కార్లకు చక్రాలున్నాయి, నాకు లేవు. అందుచేత నా ఆత్మకథలో ప్రయాణాలు తక్కువ, గోడ ఎక్కువ. ఏ గోడకు బిగించారన్న ఒక్క విషయం మీద నా బతుకే కాక, ఒక మనిషి వృత్తి కూడా ఆధారపడింది.

మహారాష్ట్రలో ఒక కర్మాగారంలో పుట్టాను. అక్కడ చివరి బల్ల దగ్గర ఒక అమ్మాయి నాలోకి కరెంటు పంపి, ఆకుపచ్చ దీపం వెలిగాక తలూపి, అట్టపెట్టెలో పడుకోబెట్టింది. తర్వాత లారీ, గోదాము, మళ్లీ లారీ. అట్టపెట్టె మళ్లీ తెరుచుకున్నది విజయవాడ పటమటలో, ఐదంతస్తుల అపార్ట్‌మెంటు సెల్లారులో. నన్ను కొన్న మనిషి పేరు ఝాన్సీ. నలభై అయిదు దాటిన ఫిజియోథెరపిస్టు. పక్షవాతం వచ్చినవారికీ, ఎముకలు విరిగి లేచినవారికీ ఇళ్లకే వెళ్లి వ్యాయామం చేయించేది. పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు తిరిగి వచ్చేసరికి రోజుకు తొంభై కిలోమీటర్లు.

ఆ తొంభై కిలోమీటర్లే నా పుట్టుకకు కాదుగానీ, నా కొనుగోలుకు కారణం. ఆమె పాత పెట్రోలు కారు కిలోమీటరుకు ఏడు రూపాయలు తాగేది. విద్యుత్ కారు ఇంటి దగ్గరే ఛార్జి చేసుకుంటే రూపాయిన్నర లోపే. కొనేటప్పుడు ధర ఎక్కువ, నిజమే. కానీ ఎక్కువ తిరిగేవారికి ఆ ఎక్కువ తొందరగా తిరిగి వస్తుంది, తక్కువ తిరిగేవారికి ఎప్పటికీ రాదు. ఆ లెక్క చూసుకునే ఆమె విద్యుత్ కారు కొంది. ఈ లెక్కలో తప్పు లేదు. ఉయ్యూరులో సామ్రాజ్యం అనే దర్జీ ఉంది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఇచ్చుకోగలిగేది తక్కువ, రోజూ వెళ్లవలసిన దూరం ఎక్కువ. పెట్రోలు పోసుకుని వెళితే ఝాన్సీకి చేతి డబ్బు పోతుంది, విద్యుత్తుతో వెళితే గిట్టుబాటవుతుంది. సామ్రాజ్యం వేళ్లు మళ్లీ కత్తెర పట్టాలంటే ఝాన్సీ రోజూ వెళ్లాలి. ఝాన్సీ రోజూ వెళ్లాలంటే నేను రాత్రి పని చేయాలి. గొలుసులో చివరి లంకె నేను.

అయితే ఆ లెక్కలో దిక్కులు లేవు.

ఝాన్సీ కారు నిలిపే స్థలం సెల్లారులో ఈశాన్య మూల. అక్కడే నీళ్ల సంపు కూడా ఉంది. ఎలక్ట్రీషియను గోడకు బెజ్జం పెట్టబోతుండగా అసోసియేషను అధ్యక్షులు పూర్ణచంద్రరావుగారు దిగివచ్చారు. సిమెంటు కంపెనీలో లెక్కలు చూసి రిటైరయిన మనిషి. మెత్తని మాట, కదలని నిర్ణయం.

"అమ్మా ఝాన్సీ, కరెంటు పెట్టెంటే నిప్పే కదా? నీళ్ల మూలలో నిప్పు పెడితే బిల్డింగు మొత్తానికి అరిష్టం. ఆగ్నేయంలో పెట్టించు. ఖర్చెంతైనా తీగ అక్కడికి లాగించుకో, నేను కాదన్ను."

"ఆగ్నేయంలో మీ కారు ఉంటుంది కదా బాబాయిగారూ?"

"గోడ అందరిదమ్మా. స్థలం నాది."

ఇంత పొందికైన వాక్యం నేను తర్వాతెప్పుడూ వినలేదు. నన్ను తీసుకెళ్లి ఆగ్నేయ మూల గోడకు, పూర్ణచంద్రరావుగారి పెట్రోలు కారు వెనక బిగించారు. ట్యాంకు నిండా పెట్రోలుతో నిలబడే ఆ కారును ఎవరూ నిప్పు అనలేదు. నేను నిప్పునయ్యాను. నా తీగ ఐదు మీటర్లు, ఝాన్సీ కారు పదిహేను మీటర్ల దూరంలో. దారికి అడ్డంగా తీగ పరచకూడదని అసోసియేషను నియమం.

అలా నేను బిగించబడి కూడా పనికిరాకుండా పోయాను. పూర్ణచంద్రరావుగారి కారు శనివారం గుడికీ, ఆదివారం రైతుబజారుకూ తప్ప కదిలేది కాదు. అది బయటికి వెళ్లగానే ఝాన్సీ పరుగున దిగివచ్చి తన కారును నా ముందు నిలిపేది. పావు వంతు నిండీ నిండకముందే గేటు దగ్గర హారను మోగేది.

"ఏమ్మా, మాకు దేవుడు ఇంత తొందరగా దర్శనమిచ్చేశాడని కోపమా?" అని ఆయన నవ్వేవారు. ఆమె పిడి పీకేసి వెళ్లిపోయేది.

మిగిలిన రోజుల్లో ఆమె పొద్దున్నే రహదారి మీది ఛార్జింగ్ కేంద్రానికి వెళ్లేది. అక్కడ రేటు ఇంటి రేటుకు రెండింతలు దాటుతుంది. వరసలో ముందు ఎవరున్నారన్న దాని మీద ఆ పూట పని ఆధారపడుతుంది. ఆలస్యమైన ప్రతిసారీ ఆమె వదులుకున్నది అన్నింటికన్నా దూరంగా ఉన్న ఉయ్యూరునే. సెల్లారులో నిలబడి ఫోనులో చెప్పేది: "ఇవాళ రాలేనండీ సామ్రాజ్యంగారూ. బంతి నొక్కుతూ ఉండండి. లేదండీ, మిమ్మల్ని మర్చిపోలేదు." స్థలాలు మార్చుకుందామని పూర్ణచంద్రరావుగారిని రెండుసార్లు అడిగింది. ఆ స్థలం కలిసివచ్చినదనీ, అందులోకి వచ్చాకే అల్లుడికి ప్రమోషను వచ్చిందనీ ఆయన జవాబు.

పరిస్థితి మారింది ఝాన్సీ ప్రయత్నం వల్ల కాదు, పూర్ణచంద్రరావుగారి ఎడమ మోకాలి వల్ల. మోకాలి చిప్ప మార్చవలసి వచ్చింది. ఆపరేషను తర్వాత కొన్నాళ్లు క్లచ్చి తొక్కకూడదన్నారు. ఆయనకు నడక నేర్పడానికి బిల్డింగులోనే డాక్టరమ్మ ఉండగా బయటివాళ్లెందుకని ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు ఝాన్సీని పిలిచారు. కదలని కారు ఎక్కడ ఉంటేనేమి, ఆయన కాలు బాగయ్యేదాకా కార్ల స్థలాలు మార్చుకోమని కూడా ఆవిడే తేల్చారు.

నా జీవితంలో వెలుగున్న రోజులు అవే. సాయంత్రం ఝాన్సీ కారు వెనక్కి వచ్చి నా ముందు ఆగేది. పిడి పెట్టగానే నాలో ప్రవాహం మొదలయ్యేది. తెల్లవారేసరికి కారు నిండేది. ఆమె ఉయ్యూరు ఒక్కరోజు కూడా మానలేదు. సామ్రాజ్యం బొటనవేలు చూపుడువేలిని తాకిందని ఒక సాయంత్రం ఫోనులో ఎవరికో చెబుతూ, పిడి పట్టుకునే కాసేపు నిలబడిపోయింది.

ఇంట్లో గచ్చు జారుతుందని పూర్ణచంద్రరావుగారికి నడక సెల్లారులోనే నేర్పేది. అందువల్ల ఆ సంభాషణలన్నీ నా ముందే జరిగాయి.

"మడమ ముందు ఆనించండి బాబాయిగారూ. మోకాలు వంచండి. నన్ను చూడకండి, ముందుకు చూడండి."

"ఎన్నాళ్లమ్మా ఇట్టా గేదెను తిప్పినట్టు తిప్పుతావు?"

"గేదె అయితే పాలన్నా ఇచ్చేది," అన్నారు కుర్చీలో కూర్చున్న రాజ్యలక్ష్మిగారు. తర్వాత ఝాన్సీ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "పిచ్చిదానా, ఇంత తొందరగా బాగుచేస్తే నీ కారు గతేంటి? కొంచెం నెమ్మదిగా చెయ్యరాదూ?"

ఝాన్సీ నవ్వింది. "మోకాలికి నా కారు సంగతి తెలీదు కదా పిన్నిగారూ. వంగితే ఇప్పుడే వంగాలి. ఇప్పుడు వదిలేస్తే గట్టిపడిపోద్ది."

నేను పెట్టెను మాత్రమే అయినా, ఆ మాటకు అర్థం నాకు తెలిసింది. ఆమె ఎంత బాగా పని చేస్తే ఆయన అంత తొందరగా నడుస్తారు. ఆయన ఎంత తొందరగా నడిస్తే ఆమె అంత తొందరగా ఈశాన్యానికి తిరిగి వెళ్లాలి. అయినా ఆమె ఒక్క వ్యాయామం తగ్గించలేదు. మోకాలు చక్కగా వంగింది. కర్ర పోయింది. ఒకనాటి ఉదయం ఆయన ఒక్కరే మెట్లు దిగి వచ్చారు.

"ఇక సోమవారం నుంచి నా స్థలం నాకిచ్చెయ్యమ్మా," అన్నారు, ఆశీర్వదిస్తున్నంత ప్రేమగా.

ఝాన్సీ మొదటిసారి గొంతు పెంచింది. "బాబాయిగారూ, మీ కారు వారానికి రెండుసార్లు తిరుగుతుంది. నాది రోజూ తిరగాలి. మళ్లీ ఈశాన్యంలో నిలిపితే ఉయ్యూరు వెళ్లలేను. మీ కాలు నిలబెట్టినట్టే ఇంకొకామె చెయ్యి నిలబెడుతున్నాను. సగంలో ఆపమంటారా?"

ఆయన నిజంగానే బాధపడ్డారు. కళ్లు తడి అయ్యాయి కూడా. "స్థలం తప్ప ఏదన్నా అడుగమ్మా. కావాలంటే కారే ఇచ్చేస్తాను."

"అయితే ఇచ్చెయ్యండి," అన్నారు రాజ్యలక్ష్మిగారు. "మీ ఎడమకాలు క్లచ్చి తొక్కలేక ఆదివారం గేటు దగ్గరే మూడుసార్లు బండి ఆపేశారు. ఆ పిల్ల కారుకి క్లచ్చే లేదు."

ఎగతాళిగా అన్న మాట ఆలోచనగా మారింది. పూర్ణచంద్రరావుగారు ఝాన్సీ కారును సెల్లారులో ఒక చుట్టు తిప్పారు. ఎడమకాలు హాయిగా విశ్రాంతి తీసుకుంది. దిగి, లెక్కలు చూసిన మనిషిగా మాట్లాడారు. విద్యుత్ కార్లకు పాతబడితే ధర పడిపోతుందన్నారు. బ్యాటరీ సంగతి ఎవరికి తెలుసన్నారు. అయినా పై తేడా కొంత ఇస్తానన్నారు. ఛార్జింగుకు స్థలం లేని విద్యుత్ కారు కన్నా బంకు ఉన్నంతవరకూ నడిచే పెట్రోలు కారే తన పనికి నమ్మకమని ఝాన్సీకి అప్పటికే తెలుసు. రెండు రోజులు ఆలోచించింది. తర్వాత తాళాలు ఇచ్చేసింది. స్థలాలు మార్చుకోలేని మనుషులు కార్లు మార్చుకున్నారు.

నన్ను ఎవరూ అడగలేదు. ఎలక్ట్రీషియను వచ్చి ఝాన్సీ మీటరు నుంచి నా తీగ విప్పి, పూర్ణచంద్రరావుగారి మీటరుకు కలిపాడు. గంట పని.

విద్యుత్ కారు మంచిదా, పెట్రోలు కారు మంచిదా అని సెల్లారులో ఇప్పటికీ వాదించుకుంటూ ఉంటారు. పూర్ణచంద్రరావుగారు విద్యుత్ కారు వైపే గట్టిగా మాట్లాడతారు. రూపాయిన్నరకు కిలోమీటరు అని వేళ్ల మీద చెబుతారు. ఆయన చెప్పే అంకెలన్నీ నిజమే. రోజుకు తొంభై కిలోమీటర్లు తిరిగే మనిషి చేతిలో పెట్రోలు కారూ, వారానికి నాలుగు కిలోమీటర్లు తిరిగే మనిషి చేతిలో విద్యుత్ కారూ ఎలా చేరాయన్నది మాత్రం ఆ అంకెల్లో లేదు. ఆ సంగతి తెలిసిన నాకు మాట లేదు. ప్రవాహాన్ని కాదనే శక్తిని కూడా నన్ను చేసినవాళ్లు నాలో పెట్టలేదు. ఎవరు పిడి పెట్టినా ఇస్తాను.

ఇవాళ ఉదయం ఈశాన్య మూలలో పెట్రోలు కారు పక్కన నిలబడి ఝాన్సీ ఫోనులో మాట్లాడింది.

"రోజూ కుదరదండీ సామ్రాజ్యంగారూ. మంగళవారం వస్తాను, శుక్రవారం వస్తాను. మిగతా రోజులు మీ అబ్బాయి చేత చేయించుకోండి. కత్తెర పట్టుకోబుద్ధవుతోందా? పట్టుకోండి. గుడ్డ మీద వద్దు, కాగితం మీద."

కారు ఎక్కి దగ్గర్లోని పెనమలూరు వైపు వెళ్లింది. ఆ పొగ నా గోడ దాకా వచ్చి సన్నగా కమ్ముకుంది. నా తీగ చివర విద్యుత్ కారు ఆదివారం నుంచీ కదలకుండా ఉంది. నాలో ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. కారు నిండిందని దాని అర్థం. ఇవాళ బుధవారం, అది ఎక్కడికీ వెళ్లదు.