బీరు పీపాకు చోటు

మస్కట్‌లో ఒక విదేశీ ఇంజనీరు విల్లాలో జైనబీ వంటపని చేస్తుంది. ఆమె గదిలో ఉండే పాత చిన్న ఫ్రిజ్‌ను బీరు పీపా చల్లబరిచే పెట్టెగా మార్చమని సార్ ఏసీ మెకానిక్ ఆంజిని పిలిపించాడు. జైనబీ కూరగాయలు తీసుకుని వచ్చేసరికి ఫ్రిజ్ వరండాలో ఉంది. ఆంజి అరలన్నీ ఊడదీసి, కుళాయి గొట్టం కోసం పైన రంధ్రం చేస్తున్నాడు. ఆమె ఊరి నుంచి తెచ్చుకుని ఆ ఫ్రిజ్‌లో దాచుకున్న ఇన్సులిన్ ఇంజెక్షన్ పెన్నులు పక్కన గట్టు మీద ఎండలో పడి ఉన్నాయి.

ఆమె గబగబా వాటిని తీసి కొంగులో దాచుకుంది.

"అవి నీవా అక్కా? సార్‌వేమో అనుకొంటి," అన్నాడు ఆంజి. అతనిదీ కడప వైపే.

"సార్ చూసినాడా?"

"లేదు. షుగరుందని చెప్పలేదా నువ్వు?"

"చెప్తే పనిలో పెట్టుకుంటారా నాయనా?"

ఆంజి డ్రిల్లు ఆపాడు. "నా రూములో ఫ్రిజ్‌లో పెట్టుకుందువు గానీ, దినామూ రాలేవు గదా."

నిజమే. శుక్రవారం తప్ప ఆమెకు సెలవు లేదు. పెన్నులు వెచ్చబడ్డాయి, ఇంకా పనిచేస్తాయో లేదో తెలియదు. వంట చేస్తున్నంతసేపూ అదే ఆలోచన. సాయంత్రం వాటిని సార్ భార్య, మేడమ్ ముందు పెట్టి, వచ్చిన ఇంగ్లీషులో ఉన్నదంతా చెప్పేసింది.

మేడమ్ లేచి వంటగది ఫ్రిజ్‌లో వెన్న డబ్బా జరిపి చోటు చేసింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అంది.

పనిలో ఉంచుతారో, పంపేస్తారో చెప్పలేదు. జైనబీ అడగకుండానే పెన్నులు ఆ చోట్లో పెట్టింది. వరండాలో సార్ కొత్త కుళాయి తిప్పి, నురుగు పొంగిపోతోందని నవ్వుతున్నాడు.