ఏరిన విత్తనం

చిన్నకోడలు పొద్దుటినుంచీ పల్లపు చేను గట్టు మీద కూర్చుని గింజలు ఏరుతూనే ఉంది. జుట్టు సగం నెరిసినా ఆ ఇంట్లో ఆమె ఇంకా చిన్నకోడలే. మంచి గింజ గోనెలోకి, రాయేమో పక్కనున్న పాత చేటలోకి.

వరి పండింది. కోతయ్యేదాకా ఆగితే నేల ఆరిపోయి గింజ మొలవదు. తడి ఉండగానే, నిలబడ్డ వరిలోనే చల్లెయ్యాలి. అలా ఏటా చలికాలమంతా నేలను పచ్చగా కప్పి, పూత రాగానే కలియదున్ని, గునపం దిగని పల్లపు చేనును వేలు దిగేలా చేసింది. నేల గట్టిగా ఉంటే లోతుకు వేరు దించే జనుము. మట్టి లేచిపోతుంటే అంటుకుని పాకే ఉలవ. ఏ ఏడు ఏదన్నది ఆమే తేల్చేది; పల్లం మెత్తబడింది కాబట్టి ఈ ఏడు ఉలవ. మొగుడు “నీ ఇష్టం” అనేవాడు. అది ప్రేమ కాదు, బద్ధకం.

ఆ మొగుడే తల వేలాడేసుకుని వచ్చాడు.

“ఈ కోతయ్యాక చేలు మార్చుకుందామన్నాడు అన్నయ్య. పల్లం తనకి, మెరక మనకి.”

“మీరేమన్నారు?”

“పెద్దవాడు కదా, ఏమంటాను?”

“వెళ్ళేటప్పుడు నోరు ఇంట్లో మరిచిపోయారా? చెబితే చేతికిచ్చి పంపేదాన్ని కదా!”

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. పంపకాలప్పుడు గట్టి నేలంటూ పల్లాన్ని వీళ్ళకు అంటగట్టింది ఆ బావగారే. మంచి మెరక తీసుకుని, ఏటా కోతయ్యాక మిగిలే కొయ్యకాళ్ళు తగలబెట్టి, బోడిగా వదిలేశాడు. మట్టి గాలికి కొంత, వానకు కొంత పోయి ఇప్పుడు రాళ్ళు తేలాయి.

సాయంత్రం ఆయనే గట్టు మీదకు వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని.

“అమ్మాయ్, ఆ విత్తనం ఇక్కడే ఉంచేసి వెళ్ళు. మావాళ్ళు చల్లుకుంటారు. ఈ చేనుకోసం ఏరిందే కదా?”

ఆమె పళ్ళు కొరికిన చప్పుడు ఆమెకే వినిపించింది.

“అలాగే బావగారూ. గట్టు మీద పెట్టి వెళ్తాను.”

ఆయన తృప్తిగా ఇంటిదారి పట్టాడు. ఆమె గోనె మూతి బిగించి మొగుడి నెత్తికెత్తింది.

“మెరకకు నడవండి.”

“మరి అన్నయ్యకి?”

“నడవమన్నానా!”

మెరకకు ముందు ఉలవే వెయ్యాలి, మిగిలిన మట్టినైనా పట్టుకుంటుంది. జనుము మరుసటేడు చూసుకోవచ్చు. మొగుణ్ణీ, బావగారినీ, తననూ తిట్టుకుంటూనే లెక్క తేల్చుకుంది. పల్లం వైపు తల తిప్పలేదు.

గట్టు మీద పాత చేట మిగిలింది. దాన్నిండా, పొద్దుటినుంచీ ఒక్కొక్కటిగా ఏరిన రాళ్ళు.