నా టేపు ఉన్న కార్బురేటర్

కార్బురేటర్ మరలను కిరోసిన్‌లో కడిగి, కేకులు కాల్చే గుంతల రేకులో వేసుకుంటున్నాను. ఒక గుంతలో పొడుగు మరలు, పక్క గుంతలో పొట్టివి, మూలనున్న దాంట్లో బఠాణీ గింజంత ఇత్తడి బిళ్ళలు. కలిసిపోయాయంటే మళ్ళీ ఏరుకోవడానికి పూటంతా పడుతుంది. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. బయట మంచు కరిగి వాకిలంతా బురద. మా అన్న గార్లండ్ కిటికీ దగ్గర నిలబడి మొక్కజొన్న రొట్టె తింటున్నాడు.

“ఆ చేతులతోనే వంట చేస్తావు. నా ఒళ్ళంతా కిరోసిన్ కంపు కొడుతోందంటే కొట్టదా మరి,” అన్నాడు.

“దానికీ నా వంటకీ సంబంధం లేదు. నువ్వు నీళ్ళు పోసుకుని ఎన్నాళ్ళయిందో ముందు చెప్పు.”

నవ్వబోయి ఆగిపోయాడు. రోడ్డు మలుపులో ఒక ఆకుపచ్చ ట్రక్కు వేగం తగ్గించి మా ఇంటివైపు తిరిగింది. గార్లండ్ చేతిలోని రొట్టెను కిటికీ గూట్లో పెట్టేశాడు.

“హోబర్ట్ కెక్,” అన్నాడు.

“అయితే ఏమైంది? ఏదో బేరం మీద వచ్చుంటాడు.”

“నేను లేను నెడ్రా. ఊళ్ళోనే లేను. ఎప్పుడొస్తానో నీకు తెలీదు. సరేనా?”

“ఏం చేశావు గార్లండ్?”

నేలమాళిగలోకి మెట్లు మా వంటింట్లోంచే ఉన్నాయి. తలుపు తీసి రెండు మెట్లు దిగి, లోపలినుంచి మెల్లగా మూసుకున్నాడు. ఆ తర్వాత దిగుతున్న చప్పుడు వినపడలేదు. తలుపు వెనకే కూర్చున్నాడన్నమాట.

హోబర్ట్ కెక్ అంటే మా జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. అరవై దాటిన మనిషి. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. లెస్టర్ గాంట్ అనే అతను పగిలిన ఇంజను దిమ్మకు రంగు పూసి ఈయనకు అమ్మాడు. హోబర్ట్ ఒక మధ్యాహ్నం లెస్టర్ ఇంటికి వెళ్ళి, అతనితోనే భోజనం చేసి, వంట బాగుందని అతని భార్యకు చెప్పి, బయటికి వచ్చాక లెస్టర్‌ను ట్రక్కు తలుపు సందులో చెయ్యి పెట్టమన్నాడట. లెస్టర్ పెట్టాడట. గాలికి తలుపు పడిందని పోలీసులకు చెప్పుకున్నాడు. ఇవాళ్టికీ అతని చొక్కా గుండీలు అతని భార్యే పెడుతుంది.

ట్రక్కు తలుపు పడిన చప్పుడైంది. నా చేతిలోని మర జారి ఏ గుంతలో పడిందో చూసుకోలేదు.

హోబర్ట్ టోపీ తీసి, గుమ్మం ముందు బూట్లు చాలాసేపు తుడుచుకున్నాడు. చంకలో అట్టపెట్టె ఉంది. ఆయన వెనకే ట్రక్కులోంచి దూకిన మచ్చల కుక్క వాకిట్లో వాసన చూస్తూ తిరుగుతోంది.

“ఈ బురదతో లోపలికొస్తే మీ నాన్న ఊరుకునేవాడు కాదు,” అన్నాడు. “గార్లండ్ ఉన్నాడా?”

“లేడండి. ఊళ్ళో లేడు.”

“అలాగా.” ఆయన కళ్ళు వంటింటి చుట్టూ తిరిగి కిటికీ గూటి మీద ఆగాయి. “సగం రొట్టె వదిలేసి పోయాడంటే తొందర పనే.”

“అది నాదండి.”

మోచేతుల దాకా తడిగా ఉన్న నా చేతులకేసి చూశాడు. “కిరోసిన్ నంజుకుని తింటావా? ఎవరిష్టం వాళ్ళది,” అని కుర్చీ లాక్కుని, నేలమాళిగ తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాడు. “కాఫీ ఉంటే ఒక కప్పు ఇస్తావా తల్లీ?”

పోశాను. ఆయన పెట్టె తెరిచి, తువ్వాలు విప్పి, ఒక కార్బురేటర్‌ను నా ముందు పెట్టాడు. దాని ఒక వైపున నా టేపు అంటించి ఉంది.

టేపు అలవాటు మా నాన్నది. చుట్టుపక్కల ఎవరి పాకలో ఏ పాత కారు భాగం దొరికినా ఈ బల్ల మీదికి తెచ్చేవాళ్ళు. నాన్న తిప్పి తిప్పి చూసి, చిన్న తెల్ల టేపు ముక్క మీద వెల రాసి, కింద తన పేరులోని మొదటి అక్షరం వేసి అంటించేవాడు. ఆ టేపు ఉంటే సంతలో ఎవరూ బేరమాడేవాళ్ళు కాదు. చూసినందుకు డబ్బు తీసుకునేవాడు కాదు. ఎవరైనా బంగాళాదుంపలు తెచ్చిస్తే వద్దనేవాడూ కాదు. చిన్నప్పటినుంచీ పక్కన కూర్చుని చూసినదాన్ని కాబట్టి, ఆయన పోయాక జనం నా దగ్గరికే తెచ్చారు. గార్లండ్ అమ్మకాలు చూసుకుంటాడు. సంతలో నాకు నోరు పెగలదు.

“ఆ రాత నీదేనా?” అన్నాడు హోబర్ట్.

“నాదేనండి.”

“పోయిన శరదృతువు సంతలో మీ అన్న దగ్గర కొన్నాను. నీ టేపు చూసి ఇంకో మాట అడగలేదు. కారుకి బిగించి, మొన్న పట్నంలో పాత కార్ల పోటీకి తీసుకెళ్ళాను. ఆ న్యాయనిర్ణేత ఎవరు, మీ బడిలో చెక్కపని నేర్పుతాడే...”

“ప్రూయిట్ గారు.”

“ఆ, ప్రూయిట్. టార్చి వేసి చూసి, ఈ కారుతో పుట్టింది కాదిది, దీని మీది ఫ్యాక్టరీ అంకెలు ఎవరో తర్వాత కొట్టారు అన్నాడు. అందరూ విన్నారు. వెనకనుంచి ఒకడు నవ్వాడు కూడా. అది వేరే సంగతి, అతన్ని తర్వాత చూసుకుంటాను.” కాఫీ ఊదుకున్నాడు. “నువ్వు చూసి చెప్పు. మీ నాన్న చూసినట్టు చూడు. తొందరేం లేదు.”

చేతులు తుడుచుకుని దాన్ని దగ్గరికి తీసుకున్నాను. చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది. టేపు అంచులు పైకి లేచి, కింద జిగురులో దుమ్ము పట్టి ఉంది. ఒకచోటినుంచి ఒలిచి ఇంకోచోట అంటించిన టేపు అది. ఆగస్టులో ఒక ముసలావిడ తెచ్చిన కార్బురేటర్ మీద నేను రాసిన టేపు. అసలుదాన్ని గార్లండ్ ఇంకెక్కడో అమ్మేసి, టేపు మాత్రం దాచి, ఏదో మామూలు కార్బురేటర్‌కు అంటించాడు.

అయినా అంకెల మీద గోరు పెట్టి నడిపాను. పోత పోసిన లోహానికి ఇసుకలాంటి గరుకు ఉంటుంది. అంకెల కింద ఆ గరుకు లేదు. ఆకురాయితో నున్నగా అరగదీసి ఉంది. కొత్త అంకెల అంచులు గోటికి గుచ్చుకున్నాయి. ప్రతి అంకె కుడివైపు కాస్త లోతు. గార్లండ్ సుత్తి పట్టే తీరే అంత. తోట గేటు మీద మా ఇంటి పేరు కొట్టినప్పుడూ అలాగే పడింది.

తల ఎత్తితే హోబర్ట్ భుజం మీదుగా నేలమాళిగ తలుపు కనపడుతుంది. అందుకని తల ఎత్తలేదు.

“ఏమంటావు?” అన్నాడు.

“ఇంకోసారి చూస్తానండి.”

“చూడు, చూడు. నువ్వు సరైనదే అన్నావనుకో, నేను నమ్ముతాను. నీ మాటకి తిరుగులేదు నా దగ్గర. అప్పుడు పదిమందిలో నన్ను దొంగసరుకు వాడిని చేసింది ప్రూయిట్ అవుతాడు. ఇక్కణ్ణుంచి నేరుగా అతని ఇంటికి వెళ్తాను.”

ప్రూయిట్ గారే నాకు ఆకురాయి పట్టుకోవడం నేర్పింది. ఆడపిల్లకి ఇదెందుకని హెడ్మాస్టరు అంటే, చేతులున్నవాళ్ళందరికీ అని చెప్పిన మనిషి. ఆ చేతులు గుర్తొచ్చాయి. గార్లండ్ చేతులూ గుర్తొచ్చాయి.

బయట కుక్క మొరిగింది. ఇంటి పక్కకు చేరి, నేలమాళిగ గాలికోసం పెట్టిన చిన్న కిటికీ దగ్గర మట్టి గీరుతోంది. గీరి, మొరిగి, మళ్ళీ గీరుతోంది.

“పందికొక్కు ఉన్నట్టుంది మీ ఇంటి కింద,” అన్నాడు హోబర్ట్, వెనక్కి తిరగకుండానే. “పెద్దదే అయ్యుంటుంది. చిన్నవాటికి నా కుక్క అంత కష్టపడదు.”

“ఉడతలండి. చలికాలంలో దూరతాయి.”

“ఉడతలా. సరే.”

తలుపు వెనక మెట్టు కిర్రుమంది. పొయ్యి మీది గిన్నెలో గరిటె పెట్టి గట్టిగా తిప్పాను. తిప్పుతూనే నిర్ణయించుకున్నాను. అంత భయంలో ఎలా తోచిందో ఇప్పటికీ తెలియదు. బల్ల దగ్గరికి వచ్చి పాత టేపును ఒలిచేశాను. కొత్త ముక్క చింపి, మామూలు కార్బురేటర్‌కు పలికే చిన్న వెల రాసి, కింద నా అక్షరం వేసి అంటించాను. వంకరగా పడింది.

“ప్రూయిట్ గారు చెప్పింది నిజమండి. అంకెలు తర్వాత కొట్టినవే,” అన్నాను. “అప్పుడు నేను సరిగ్గా చూడలేదు. పొరపాటు నాదే.”

“నీదా?”

“నాదేనండి. గార్లండ్‌కి తెలీదు. నేను రాసింది చూసి అమ్మాడంతే.”

హోబర్ట్ కప్పు కింద పెట్టాడు. నా ముఖంలోకి చూశాడు. ఆయన కళ్ళలో కోపం లేదు. అది ఉంటే ఇంత భయం వేసేది కాదేమో.

“ఐదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు నువ్వు ఈ బల్ల కింద కూర్చుని, కళ్ళు మూసుకుని, వేలితో తడిమి ఏది ఏ ఏడాది తయారైందో చెప్పేదానివి. నేను చూశాను,” అన్నాడు. “గోటికి గుచ్చుకునేది నీకు తెలియకుండా పోయిందా?”

“పొరపాటు పడ్డానండి.”

“సరే. పొరపాటు ఎవరిదైతే లెక్క కూడా వాళ్ళతోనే. చెయ్యి ఇలా బల్ల మీద పెట్టు తల్లీ.”

పెట్టాను. ఎందుకు పెట్టానో అడగకండి. లెస్టర్ ఎందుకు పెట్టాడో అప్పుడు అర్థమైంది. ఆ గొంతు అలా అడిగితే కాళ్ళు పరిగెత్తడం మర్చిపోతాయి. ఆయన తన అరచేతిని నా చేతి మీద వేశాడు. నొక్కలేదు. ఊరికే బరువుగా, వెచ్చగా వేసి ఉంచాడు. వేళ్ళ సందుల్లో కిరోసిన్ చల్లబడుతోంది.

“కాసేపు ఇలాగే కూర్చుందాం,” అన్నాడు. మాట నాతోనే గాని, గొంతు కాస్త పెరిగింది. నేను మొదటిసారి వినడం. “ఉడతలు ఏం చేస్తాయో చూద్దాం.”

గింజలు అడుగంటుతున్న వాసన వచ్చింది. కుక్క మొరగడం ఆపింది. గార్లండ్, రావద్దు అనుకున్నాను. ఆ వెంటనే, గార్లండ్, రా అనుకున్నాను. ఆయన అరచెయ్యి మెల్లగా బరువెక్కడం మొదలుపెట్టింది. ముందు చిటికెన వేలు ఎముక బల్లకు ఆనింది. తర్వాత దాని పక్కది. నేను అరవలేదు. నోట్లోంచి ఏదో చిన్న శబ్దం మాత్రం వచ్చింది.

నేలమాళిగ తలుపు తెరుచుకుంది.

గార్లండ్ మోకాళ్ళకు బొగ్గు మసి అంటుకుని ఉంది. ముఖం పిండి రాసినట్టు తెల్లగా ఉంది. హోబర్ట్ తల తిప్పలేదు.

“రా గార్లండ్. ఊరినుంచి తొందరగానే వచ్చావే,” అని నా చెయ్యి వదిలాడు. వేళ్ళు ఎర్రగా కమిలాయి. ముడిచి చూసుకున్నాను, ఏదీ విరగలేదు.

గార్లండ్ బల్ల దగ్గరికి వచ్చి, తన రెండు చేతులూ రేకు పక్కన పెట్టాడు. హోబర్ట్ వాటిని, కొనబోయే సరుకును చూసినట్టు, చూశాడు.

“వీటితోనేనా?”

గార్లండ్ తల ఊపాడు.

“హోబర్ట్ గారూ, వద్దండి,” అన్నాను. “ఆ చేతుల మీదే ఈ ఇల్లు నడుస్తోంది. మీకు ఏం కావాలంటే అది...”

“లెస్టర్ నా ఎదురుగా కూర్చుని రెండోసారి కూడా అబద్ధమాడాడు తల్లీ. అందుకే అలా జరిగింది. వీడు ఇంకా ఒక్కటీ ఆడలేదు, అన్నీ నీచేతే ఆడించాడు.” గార్లండ్ వైపు తిరిగాడు. “ఆ టేపు ఎక్కడినుంచో ఒలిచి అంటించిందని నేనూ చూశాను. ఇవాళ శనివారం. ప్రూయిట్ ఇంటి పాకలో ఆ పోటీవాళ్ళంతా చేరి ఉంటారు. ఆ నవ్వినవాడు కూడా. అక్కడికొచ్చి, ఇది కొట్టింది నువ్వే, టేపు మార్చింది నువ్వే అని నీ నోటితో చెప్తావా, లేకపోతే...”

మాట పూర్తి చేయకుండా మరల రేకును పక్కకు జరిపి, బల్ల మీద చోటు చేశాడు.

“నాకేదైనా ఒకటే. నువ్వే చూసుకో.”

అక్కడ ఆ మాట చెప్పాక గార్లండ్ దగ్గర ఈ జిల్లాలో ఒక్క మరైనా కొనేవాళ్ళుండరు. అది ముగ్గురికీ తెలుసు. గార్లండ్ ఖాళీ చేసిన ఆ చోటు వైపు చూశాడు. కమిలిన నా వేళ్ళ వైపు చూశాడు. నేను మేకుకు తగిలించి ఉన్న అతని కోటు తీసి అందించబోయాను.

“నేనూ వస్తాను,” అన్నాను.

“నువ్వు గింజలు చూసుకో. మాడిపోతున్నాయి,” అన్నాడు హోబర్ట్, టోపీ పెట్టుకుంటూ.

గార్లండ్ కోటు తీసుకోలేదు. కార్బురేటర్‌ను రెండు చేతులతో ఎత్తి గుండెలకు ఆనించుకుని, నావైపు చూడకుండా నన్ను దాటుకుని బురదలోకి దిగాడు.