జవాబు వాయించిన మాస్టర్

తాండూరు బ్యాండు మాస్టర్ మొహియుద్దీన్ కూతురు ఖుర్షీద్ హైదరాబాదులో యూనివర్సిటీ హాస్టల్లో చేరినప్పుడు, ఆమె ఏం చదువుతోందో చుట్టాలకు చెప్పడం తల్లి జమాలున్నీసాకు పెద్ద పనైపోయింది. "రేడియో చదువు" అని చెప్పి ఊరుకునేది. విన్నవాళ్లు అది రేడియోలు బాగుచేసే చదువనుకుని, తమ ఇళ్లలో మూలుగుతున్న పాత సెట్ల సంగతి ఎత్తేవాళ్లు.

అసలు చదువు వేరు. సంగీతాన్ని రికార్డు చేయించడం, దాన్ని వినేవాళ్ల దాకా చేర్చడం. అందులో ప్రొడ్యూసర్ అనే మనిషి ఏం చేయాలన్నది ఆ ఏడాది పాఠాల్లో ముఖ్యమైనది. పీర్ల పండుగకు ఇంటికొచ్చినప్పుడు మొహియుద్దీన్ కూతుర్ని కూర్చోబెట్టి అడిగాడు.

"నువ్వు పాడుతవా?"

"లేదబ్బా."

"వాయిస్తవా?"

"లేదు."

"మిషన్ నడిపిస్తవా?"

"దానికి వేరే మనిషుంటడు."

మొహియుద్దీన్ బీడీ ఆర్పాడు. "మరి నువ్వు జేసేదేంది బిడ్డా?"

"అందరు మంచిగ జేసేటట్టు చూసుకుంట."

"గది మీ అమ్మ ఎప్పటిసంది జేస్తనే ఉన్నది గదా."

"ఏ చదువు లేకుంటనే," అంది జమాలున్నీసా వంటింట్లోంచి. ముగ్గురూ నవ్వుకున్నారు.

చివరి ఏడాది పరీక్షకు ఒక్కొక్కరూ ఒక సంగీత కార్యక్రమం తయారుచేసి ఇవ్వాలి. తోటివాళ్లు గజళ్లు పాడేవాళ్లనూ వీణ వాయించేవాళ్లనూ వెతుక్కుంటుంటే, ఖుర్షీద్ తన తండ్రి బ్యాండును రికార్డు చేస్తానంది. పాఠం చెప్పే సారు ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు.

"బ్యాండు బజార్లో వినేది అమ్మా. నాలుగ్గోడల మధ్య వింటే చెవులు పగిలిపోతాయి. పగలకుండా ఎట్లా వినిపిస్తావో, అదే నీ పరీక్ష."

తాండూరులో ఆ పని కాదు. పొద్దున లేస్తే నాపరాళ్లు కోసే మిషన్ల రొద, బండలు మోసే లారీలు. అందుకని వికారాబాద్‌లో టీచరుగా ఉన్న పద్మమ్మను అడిగింది. ఖుర్షీద్ వికారాబాద్‌లో డిగ్రీ చదివిన రోజుల్లో పద్మమ్మే ఆమెకు అండ. ఆదివారం నాడు తమ బడి హాలు వాడుకోమంది.

ఆ ఆదివారం బ్యాండు మొత్తం ఖుర్షీద్‌తో కలిసి పొద్దున ప్యాసింజరు ఎక్కింది. డోలు వాయించే వెంకటయ్య తన డోలును మనవణ్ణి కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు. బ్యాండును చూసి ఎదురుసీటు ముసలమ్మ, "ఎవరి పెండ్లి అయ్యా?" అంది.

"పెండ్లి కాదమ్మా, మా బిడ్డ పరీక్ష," అన్నాడు మొహియుద్దీన్ గంభీరంగా. పరీక్షకు మేళం ఎందుకో ముసలమ్మకు అర్థం కాలేదు గాని, మంచిగ రాయమని ఖుర్షీద్ తల మీద చెయ్యి పెట్టింది.

బడి హాలుకు రేకుల కప్పు. చప్పట్లు కొట్టి చూస్తే గంగాళంలో కొట్టినట్టు మోగింది. పద్మమ్మ చుట్టుపక్కల ఇళ్లలో అడిగి బొంతలూ జంఖానాలూ తెప్పించింది. వాటిని కిటికీలకూ గోడలకూ వేలాడదీశారు. యూనివర్సిటీ నుంచి టేపు మిషన్‌తో వచ్చిన బాల్‌రాజ్, ఖుర్షీద్ క్లాసువాడే, మైకు నిలబెట్టాడు. ఎవరి చప్పుడు ఎంత వినపడాలో వాళ్లు నిలబడే చోటే తేలుస్తుంది. ఖుర్షీద్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్కరినీ అటూ ఇటూ జరిపింది. చివరికి వెంకటయ్యను వరండాలోకి పంపింది.

"నన్ను బైట ఏస్తున్నవా బిడ్డా?"

"కాకా, నీ డోలు బైటున్నా లోపల ఉన్నట్టే ఇనొస్తది."

వెంకటయ్య దాన్ని మెప్పుగానే తీసుకుని వరండాలో తుండుగుడ్డ పరుచుకున్నాడు. మధ్యాహ్నానికల్లా ఊరేగింపులో వాయించే రెండు పాటలు బాగా వచ్చాయి. ఇక మిగిలింది అప్పగింతల పాట.

అది మొహియుద్దీన్ పేరు నిలబెట్టిన పాట. పెండ్లికూతురు బండెక్కేటప్పుడు ఆయన క్లారినెట్ మీద పొడుగాటి లైను ఎత్తుకునేవాడు. ఆ లైను ఆగిన చోట రెండో క్లారినెట్ వాయించే నర్సింహులు చిన్న జవాబు ఇచ్చేవాడు. పరిగి నుంచి పెద్దేముల్ దాకా ఆ పాట విని ఏడవని పెండ్లివాళ్లు లేరు. ఖుర్షీద్ ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ విన్న పాట అది.

హెడ్‌ఫోన్లలో మాత్రం ఇంకొకటి వినిపించింది. లైను పైకెక్కి నిలవాల్సిన చోట తండ్రి శ్వాస తెగుతోంది. గరగరమనే చిన్న చప్పుడు, ఆ తరువాత జారిపోయిన స్వరం. ఇంకోసారి వాయించమంది. మళ్లీ అక్కడే తెగింది. బజార్లో, ఏడుపుల మధ్య, జీపు హారన్ల మధ్య అది ఎవరికీ తెలియదు. బహుశా ఆయనకే తెలియదు. చలికాలం అంతా ఆయన దగ్గుతూనే ఉన్నాడని అమ్మ చెప్పిన మాట ఖుర్షీద్‌కు గుర్తొచ్చింది.

బాల్‌రాజ్‌కు కూడా వినపడింది. "బాగానే ఉన్నది ఖుర్షీద్. ఇదే ఉంచేద్దాం," అన్నాడు మెల్లగా.

ఉంచేయవచ్చు. తండ్రి సంతోషంగా ఇంటికి పోతాడు. కాని తను చిన్నప్పటి నుంచి విన్న పాట ఇది కాదు. ఆమె హెడ్‌ఫోన్లు తీసి తండ్రి దగ్గరకు వెళ్లింది.

"అబ్బా, గీసారి లైను నర్సింహులన్న వాయిస్తడు. నువ్వు జవాబు వాయించు."

నర్సింహులు వెనక్కి తగ్గాడు. "గట్లెట్లయితది చెల్లే? మాస్టర్ ముంగట నేను లైను ఎత్తుడా? నాతోని కాదు."

మొహియుద్దీన్ క్లారినెట్‌ను గుడ్డతో తుడుస్తూ, "ఎందుకు?" అన్నాడు.

మైకు కోసమని చెబితే సరిపోయేది. ఆ అబద్ధం నోటి దాకా వచ్చింది కూడా. "నీ శ్వాస తెగుతున్నది అబ్బా," అంది ఖుర్షీద్. "బజార్ల ఎవ్వరికి తెలుస్తలేదు. గీ మిషన్ల తెలుస్తున్నది."

ఆయన వరండాలోకి వెళ్లిపోయాడు.

ఖుర్షీద్ అక్కడే నిలబడింది. వెనకాలే పోవాలనిపించింది. కాని పోతే, ఆయన ముఖం చూస్తే, అన్న మాట వెనక్కి తీసుకుంటానని ఆమెకు తెలుసు. పద్మమ్మ తెచ్చిన చాయ్ చేతిలోనే చల్లారిపోయింది. బయట తండ్రి వెంకటయ్యతో ఏదో మాట్లాడటం, దగ్గడం, మళ్లీ మాట్లాడటం బొంతల చాటు నుంచి లీలగా వినపడుతోంది.

కొంతసేపటికి ఆయన లోపలికి వచ్చాడు. తన చోటికి పోలేదు, నర్సింహులు నిలబడే చోట నిలబడ్డాడు.

"ఏం చూస్తున్నవ్ నర్సింలు? బ్యాండుల నేను మాస్టర్ని. ఈడ కాదు. ఆమె చెప్పిన జాగల నిలబడు."

"మాస్టర్..."

"లైను మెల్లగ ఎత్తు. బిడ్డ అత్తగారింటికి పోతున్నదని యాదిల పెట్టుకో. బస్సు తప్పిపోతున్నట్టు వాయించకు."

బాల్‌రాజ్ టేపు తిప్పాడు. నర్సింహులు భయం భయంగానే ఎత్తుకున్నాడు. రెండో లైనుకు భయం పోయింది. స్వరం పైకెక్కి, ఎక్కడా తెగకుండా నిలబడింది. అది ఆగిన చోట మొహియుద్దీన్ జవాబు వచ్చింది.

నర్సింహులు ఇచ్చే జవాబు లైను చివరి ముక్కనే తిరిగి చెప్పేది. మొహియుద్దీన్ అట్లా చెప్పలేదు. ఒకచోట బుజ్జగించినట్టు, ఒకచోట కసిరినట్టు, సరే పోయిరా అన్నట్టు వాయించాడు. ఒక లైనుకు అసలు జవాబే ఇవ్వలేదు. అందరూ ఎదురుచూశాక, కింది స్థాయిలో ఒక్క స్వరం పలికించి వదిలేశాడు. చిన్న చిన్న పలుకులు, వాటికి ఆయన శ్వాస చక్కగా సరిపోయింది. ఖుర్షీద్ రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకు అదుముకుంది. మిషన్ మీద చప్పుడు కొలిచే ముల్లును చూడాల్సిన బాల్‌రాజ్ ఆయన్నే చూస్తూ ఉండిపోయాడు.

పాట ఆఖరుకు వస్తుండగా స్టేషన్ వైపు నుంచి రైలు కూత సన్నగా వచ్చి టేపు మీద పడింది.

"ఇంకోసారి చేద్దామా?" అన్నాడు బాల్‌రాజ్.

"వద్దు, ఉండనీ," అంది ఖుర్షీద్. "పోయేటోళ్ల పాటే గదా."

మొహియుద్దీన్ తనకూ వినిపించమన్నాడు. టోపీ మీదనే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కండ్లు మూసుకున్నాడు. అందరూ ఆయన ముఖం చూస్తూ నిలబడ్డారు. పాట అయిపోయాక, చెవులు మూసుకుపోయి ఉన్న సంగతి మరచి, బడి అంతా వినపడేటట్టు అడిగాడు.

"నర్సింలు, నువ్వు గింత మంచిగ వాయిస్తవని నాకెందుకు చెప్పలే?"

వరండాలో వెంకటయ్య పడీపడీ నవ్వాడు.

యూనివర్సిటీలో సారు ఆ టేపు విని, రైలు కూత ఎందుకు తీసేయలేదని అడిగాడు. ఖుర్షీద్ చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఆయన, "నీకు నచ్చింది ఉంచావు, ఎందుకో చెప్పగలిగావు. ప్రొడ్యూసర్‌కు అది చాలు," అని పాస్ చేశాడు.

ఆ వారమే ఆమె తండ్రిని మళ్లీ వికారాబాద్ తీసుకుపోయి ఛాతీ డాక్టరుకు చూపించింది. పెద్ద రోగం కాదు, బీడీలు మానేయమన్నాడు. ఆయన సగం మానేశాడు. మిగతా సగం కోసం జమాలున్నీసా రోజూ పోట్లాడేది.

ఎండాకాలంలో పెద్దేముల్‌లో ఒక పెండ్లికి బ్యాండు పోయింది. ఖుర్షీద్ కూడా వెళ్లింది. అప్పగింతల వేళ, ఎవరూ చెప్పకుండానే నర్సింహులు ముందుకు వచ్చి లైను ఎత్తాడు. మాస్టర్ పక్కన నిలబడి జవాబు వాయించాడు. పెండ్లివాళ్లు మాస్టర్ ఎక్కడ నిలబడ్డాడో చూడలేదు. ఏడుస్తూ బండి వెంట నడిచారు.

బండి పోయాక ఆయన చెమట తుడుచుకుంటూ వచ్చి కూతురు పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది అబ్బా. మూడో జవాబు జెర ఎక్కువైంది."

మొహియుద్దీన్ తలూపాడు. క్లారినెట్ మళ్లీ నోటికి ఆనించి ఆ జవాబును మెల్లగా, ఇంకొంచెం కురచగా వాయించి ఆమె వైపు చూశాడు.