జకరయ్య బల్ల మీద జానెడు తీగ

నేను ఒక ఉక్కు తీగ ముక్కను. పొడవు జానెడు. మందం కంటికి ఆనేది కాదు, రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపితే తెలుస్తుంది. నూజివీడులో వీణలు చేసే పానకాలాచారి గారు ఒక వీణకు తీగ బిగించి, మిగిలిన కొసను కత్తిరించి పారేశారు. ఆ కొసే నేను. పనస చెక్క పొట్టులో పడి, చీపురు కోసం ఎదురు చూస్తుంటే, గోటినిండా గ్రీజు పట్టిన ఒక బొటనవేలు నన్ను పైకి తీసింది.

"ఇది నాకిస్తారా ఆచారి గారూ?"

"పారేసిందే కదయ్యా. దాంతో నీకేం పని?"

"మీ బండికే," అన్నాడు జకరయ్య.

జకరయ్య మెకానిక్. హనుమాన్ జంక్షన్ వెళ్లే రోడ్డు మీద రేకుల షెడ్డు, అందులో ఒక టేకు బల్ల, అదే అతని సామ్రాజ్యం. ఆచారి గారిది రెండు సిలిండర్ల పాత మోటార్ సైకిలు. అలాంటి బండికి కార్బరేటర్లు కూడా రెండుంటాయి. రెండూ ఒకే క్షణంలో, ఒకే కొలతలో గాలి పీల్చాలి. లేకపోతే ఒక సిలిండరు లాగుతుంటే రెండోది బద్ధకిస్తుంది, బండి కుంటుతుంది. అందుకని జకరయ్య వాటిని ఊడదీసి, బల్ల మీద పక్కపక్కన బిగించి, లోపల పైకీ కిందికీ ఆడే స్లైడు కింద నన్ను దూర్చి మెల్లగా లాగేవాడు. మొదట ఎడమదాని కింద, తర్వాత కుడిదాని కింద. రెండు చోట్లా నేను ఒకేలా ఒరుసుకుంటూ వచ్చేదాకా స్క్రూలు తిప్పుతూనే ఉండేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా అతని వేళ్లకు తెలిసిపోయేది.

అలా కొన్నేళ్లు నాకు మంచి రోజులే నడిచాయి. తర్వాత జకరయ్యకు పేరొచ్చింది. మనుషులకు పేరొస్తే పనిముట్ల అవసరం తగ్గుతుందనుకుంటాను. "జకరయ్య కొలతలు పెట్టడు, చెవి పెడతాడు" అని జనం అనడం మొదలుపెట్టారు. అతనూ అదే నమ్మాడు. బండి స్టార్ట్ చేసి, కళ్లు మూసుకుని, తల పక్కకు వంచి వినేవాడు. నన్ను ఒక రేకు డబ్బాలో, పనికిరాని వాషర్ల మధ్య పడేశాడు. ఎన్నాళ్లున్నానో లెక్కలేదు. మూత సందులోంచి వచ్చే మాటలూ, కనిపించే కాస్త షెడ్డూ నాకు కాలక్షేపం.

ఆ మాటల్లో ఒక మార్పు నేను గమనించాను. వచ్చినవాళ్లు ఒకే సంగతి రెండుసార్లు చెప్పేవారు. ఒకాయన బ్రేకు పట్టడం లేదంటే, జకరయ్య "అట్టాగేనండి" అని చైనుకు నూనె పెట్టి పంపాడు. పక్కన టీ కొట్టు సుందరం పిలిచి పిలిచి విసిగి, గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి పోయేవాడు. ఒకరోజు భార్య సువార్త క్యారేజీ తెచ్చి, సుందరంతో అంటుండగా విన్నాను. "ఇంట్లో నోరిప్పటం మానేశాడు. నన్ను చూస్తే ఏం కష్టమొచ్చిందో. నేనూ మానేశాను." జకరయ్య అటు తిరిగి పని చేసుకుంటూనే ఉన్నాడు. అతనికి చెవులు పోయాయని ఆమెకు తెలియదు. ఆమె అలిగిందని అతనికి తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, డబ్బాలో ఉన్నాను.

జకరయ్య మాత్రం బండి స్టార్ట్ చేసినప్పుడల్లా కళ్లు మూసుకుని తల వంచుతూనే ఉన్నాడు.

ఒక వేసవిలో ఆచారి గారి బండి వచ్చింది. అలాగే తల వంచి, విన్నట్టు ఊపి, సరిపోయిందని పంపించాడు. ఆగిరిపల్లి దాటాక ఆ బండి పట్టేసింది. ఒక కార్బరేటరు సగం ఊపిరే తీస్తుంటే బరువంతా రెండో సిలిండరు మీద పడి, పిస్టన్ కాలి బిగుసుకుపోయింది. వెనక చక్రం తిరగడం మానేసింది. ఆచారి గారు కుడి చెయ్యి కింద పెట్టి పడ్డారు. మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఉలి పట్టే చెయ్యి అది.

బండిని ట్రాలీలో వేసుకొచ్చి షెడ్డు ముందు దించారు. పాత పిస్టన్, దానికి ఆయుష్షు తీరింది అన్నారు తెచ్చినవాళ్లు, ఇంజను వైపు చూపించి పెదవి విరుస్తూ. అందరూ వెళ్లాక జకరయ్య కార్బరేటర్లు విప్పి బల్ల మీద పెట్టాడు. డబ్బా మూత తీసి, వాషర్లన్నీ గుమ్మరించి నన్ను వెతికాడు. ఎడమదాని కింద నేను వదులుగా ఆడాను. కుడిదాని కింద అసలు దూరలేదు. మళ్లీ పెట్టాడు. మళ్లీ దూరలేదు. స్టూలు మీద కూలబడ్డాడు. పిస్టన్ పాతదని ఊరంతా ఒప్పుకున్నాక, ఈ సంగతి తెలిసినవాడు అతనొక్కడే. నోరు మూసుకుంటే సరిపోయేది.

మర్నాడు నన్ను కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని ఆచారి గారింటికి వెళ్లాడు. ఆయన అరుగు మీద కట్టు చెయ్యితో కూర్చుని ఉన్నారు.

"పిస్టన్ కాదండీ, తప్పు నాది," అన్నాడు జకరయ్య, నిలబడే. "నాకు చెవులు పోయి రెండేళ్లయింది. మీ బండి మోత నాకు వినపడలా. విన్నట్టు తల ఊపాను."

ఆచారి గారు తల దించుకుని, కట్టు చెయ్యి వంక చూసుకుంటూ అన్నారు.

"ముందే చెబితే నేనొచ్చి నీ పక్కన కూర్చుని వినేవాణ్ణి కదరా."

జేబులోంచి నేను విన్నాను. వినాల్సినవాడు వినలేదు. దించిన తల, కదిలే పెదవులు, అంతవరకే అతనికి అందాయి. తిట్టారనుకున్నాడు. ఏమన్నారని అడగడానికి సిగ్గుపడ్డాడు. దణ్ణం పెట్టి మెట్లు దిగాడు. ఇంత దగ్గరి మాటైనా అందే ఉంటుందని, లక్ష్యపెట్టకుండా పోయాడని ఆచారి గారు అనుకుని ఉంటారు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు.

నేను మాత్రం మళ్లీ బల్ల మీదికొచ్చాను. ప్రతి బండికీ నన్నే వాడేవాడు. ఆఖర్న బండి స్టార్ట్ చేసి, రెండు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులు పెట్టి, పొగ తాకిడి ఎక్కడ ఎక్కువో చూసుకునేవాడు. బేరాలు తగ్గాయి. వారంలో మూడు రోజులు బల్ల మీద నేనూ, ఎదురుగా అతనూ. ఇద్దరమూ పలకం.

ఏడాది తిరిగాక ఆచారి గారి బండే వచ్చింది. నడిపేది ఆయన కాదు. విస్సన్నపేట హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు రత్నబాబు దాన్ని కొన్నాడట. మైదానమంతా వినిపించే గొంతు ఆయనది. జకరయ్య అలవాటుగా తల ఊపాడు. మాస్టారు ఆగి, ఆచారి గారు ముందే చెప్పి ఉంచినట్టు, జేబులోంచి సుద్దముక్క తీసి బల్ల మీద రాశాడు.

"ఆచారి గారు అమ్మేటప్పుడు ఒక మాట తీసుకున్నారు. కార్బరేటర్లు మీరు తప్ప ఎవరూ ముట్టకూడదు."

జకరయ్య పెదవులు కదుపుతూ చదివాడు. మళ్లీ మొదట్నుంచి చదివాడు.

"చెయ్యెట్టా ఉందండీ ఆయనకి?"

"ఉలి పట్టలేరు. ఎడమ చేత్తో తీగలు బిగిస్తున్నారు," అని రాశాడు మాస్టారు.

ఆ మధ్యాహ్నం రెండు కార్బరేటర్ల కిందా నన్ను ఎన్నిసార్లు లాగాడో చెప్పలేను. బండి స్టార్టయ్యాక ఆ మోత ఎంత సమంగా ఉందో నేను విన్నాను. అతను అరచేతులు పెట్టి అలాగే గొంతుకూర్చున్నాడు. మాస్టారు ఏదో అన్నాడు. ఈసారి జకరయ్య తల ఊపలేదు.

"నాకు వినపడదండీ. రాయండి."

మాస్టారు వెళ్లిపోయాక, బల్ల మీద మిగిలిన సుద్దముక్కను జేబులో వేసుకుని, షెడ్డు మూయకుండానే ఆచారి గారి వీధి వైపు నడిచాడు. నన్ను తీసుకెళ్లలేదు.

దీపాలు పెట్టేవేళకు తిరిగొచ్చాడు. రెండు చేతులకీ మోచేతులదాకా సుద్ద. చొక్కా ముందంతా సుద్ద. ముక్క మాత్రం జేబులో లేదు, అరిగిపోయినట్టుంది. వాళ్లు ఏం రాసుకున్నారో నాకెవరూ చెప్పలేదు. అతను నన్ను గుడ్డతో తుడిచి, రేపటి పనికని డబ్బాలో వాషర్ల పైన పెట్టి మూత వేసి, చేతులు కడుక్కోకుండానే సువార్త దగ్గరికి ఇంటికి వెళ్లాడు.