వదులుగా కుట్టిన వయసు

"టీచరు ఏడు అంది నాన్నా. అందుకే ఏడ్చాను."

గుమ్మంలో నిలబడి కూతురు ఈ మాట అనేసరికి టైలరు కాలు మిషను తొక్కడం మానేసింది. పిల్ల కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఇంట్లో ఆ పిల్లని బొంగరం అంటారు. తిన్నగా నడవగా చూసినవాళ్ళు లేరు; మంచినీళ్ళు తాగడానికి వెళ్ళాలన్నా నాలుగు చుట్లు తిరిగి గానీ వెళ్ళదు. అందుకే ఆ పేరు, అందుకే డాన్సు క్లాసు. అలాంటి బొంగరం ఇవాళ బట్టల మూట మీద కూలబడి మోకాళ్ళు పట్టుకుంది.

"నొప్పా తల్లీ?"

"ఊఁ. నేనింక వెళ్ళను. ఇంట్లో కూడా తిరగను."

టైలరు గుండెలో సూది దిగింది. క్లాసుకి పోకపోతే పోయింది, ఇంట్లో కూడా తిరగదా!

"ఏడవడం నేర్పడానికి టీచరెందుకూ? ఆ మాత్రం మనం ఇంట్లో ఏడిపించుకోలేమా?" అంటూ లేచాడు.

పిల్లని క్లాసు నుంచి తీసుకొచ్చిన అత్తగారు చెమట తుడుచుకుంటూ, "నేను బయట బల్ల మీద ఉన్నాను అల్లుడు గారూ. లోపల ఏం జరిగిందో నాకేం తెలుసు?" అంది.

మూలన లంగా అంచు కుడుతున్న భార్య తలెత్తి, "కాస్త నిదానంగా అడగండి. అరిచేరు," అంది.

"కొలత తీయకుండా నేను చేతిరుమాలు కత్తిరించను. ఆవిడ పిల్ల మోకాలు చూడకుండానే డాన్సు కత్తిరిస్తోందా? పద!"

మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, చంకలో పిల్ల. వెనకాల భార్య, ఆ వెనకాల అత్తగారు. వీధి పొడుగునా ఆయన కోపం ముందు నడిచింది, కుటుంబం దాన్ని అందుకోవడానికి పరిగెత్తింది.

డాన్సు హాల్లో ఒక గోడంతా అద్దం. ఎదురుగా బల్ల మీద తల్లులు. చెక్క నేల మీద ఏడెనిమిదేళ్ళ పిల్లలు సగం కూర్చుని, మోకాళ్ళు పక్కలకి విప్పి, చెమటలు కక్కుతున్నారు. నెరిసిన జుట్టు టీచరు వాళ్ళ చుట్టూ తిరుగుతోంది.

"ఏం మేడమ్, పసిపిల్లని పట్టుకుని ఏడవమంటారా?"

"నేనా? ఎప్పుడూ?"

"ఏడు అన్నారట!"

"'ఏడు ఇటు, ఎనిమిది అటు' అన్నానండీ. ఏడేళ్ళవాళ్ళు ఇటు నిలబడాలని. మీ అమ్మాయి వెంటనే రాగం అందుకుంది. ఎంత బతిమాలినా ఆపదే!"

బల్ల మీద తల్లులు ఘొల్లుమన్నారు. టైలరు మాత్రం నవ్వలేదు.

"నవ్వకండమ్మా! ఆ ఏడు ఏమిటో తేలింది, సరే. ఏడేళ్ళవాళ్ళలో మా పిల్లని ఎందుకు నిలబెట్టినట్టు? దానికి నాలుగేళ్ళు! నాలుగేళ్ళ మోకాలంటే కచ్చా కుట్టు. లాగితే ఊడొస్తుంది!"

నవ్వులు టక్కున ఆగాయి. టీచరు ముఖం పాలిపోయింది.

"నాలుగా?" అని బీరువాలోంచి దరఖాస్తు తీసి ఆయన చేతికిచ్చింది. "మీరే చూడండి."

వయసు దగ్గర అయిదు. దాన్ని కొట్టేసి ఆరు. పక్కన, 'ఏడేళ్ళవాళ్ళతో' అని టీచరు రాత.

"ఈ అయిదెవరు రాశారు?" అని గద్దించి, టైలరు మళ్ళీ చూశాడు.

తలపాగా చుట్టినట్టుండే అయిదు. తన కొలతల పుస్తకం నిండా ఉండేది అదే. టైలరు గొంతు ఒక సైజు తగ్గింది.

"అంటే… అయిదు నడుస్తోంది కదా. పెరిగే పిల్ల. గౌను అంచులో నాలుగువేళ్ళు మడిచి వదిలినట్టు…"

"వయసుకి కూడా మడత పెట్టారా?"

"అలవాటమ్మా."

"ఇదేం మడతపేచీ అండీ! మరి ఆరు?"

అత్తగారు అద్దంలో చూసి చెంప మీది జుట్టు సరిచేసుకుంది. "మొదటిరోజు మీరు 'అయిదు నిండాయా' అన్నారు. అల్లుడు రాసిందాన్ని నలుగురిలో కాదంటానా? 'నిండకేం, ఆరో ఏడు నడుస్తోంది' అన్నాను."

అందరూ భార్య వైపు తిరిగారు.

"నన్నెందుకు చూస్తారు? ఆరేళ్ళవాళ్ళలో చోటు లేదని ఫోను చేశారు. 'మా అమ్మాయి ఏడేళ్ళవాళ్ళకేం తీసిపోదు' అన్నాను. ఏ తల్లయినా అంటుంది. అది అబద్ధం కాదు, ముద్దు!"

"పిల్ల పొడుగరి," అంది టీచరు మెల్లగా. "మీరు పొడుగ్గా కుట్టిన గౌనులో మోకాళ్ళు కనబడలేదు. గౌను ఎత్తి చూడకపోవడం నా తప్పు."

టైలరు తెచ్చిన కోపం చాలా పెద్ద సైజుది. టీచరుకి తొడిగి చూశాడు, జారిపోయింది. అత్తగారికి పొట్టి. భార్యకి బిగుతు. ఆఖరికి చూసుకుంటే తనకే కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"సిగ్గుండాలి మనకి!" అని అరిచాడు. "ముగ్గురం కలిసి పిల్ల దగ్గర మూడేళ్ళు లాక్కున్నాం!"

చంకలోంచి చిన్న గొంతు వచ్చింది. "అయితే నేను మొద్దుని కాదా?"

"ఎవరన్నారే ఆ మాట?"

"ఎవరూ అనలేదు. వాళ్ళందరికీ వస్తోంది, నాకే రావట్లేదు."

ఆయన పిల్లని కిందికి దించి, పక్కనే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోపంతో వచ్చిన గొంతు ఇంకా దిగలేదు కాబట్టి హాలంతా వినబడింది.

"పిల్లలూ, తల్లులూ, అందరూ వినండి! ఈ పిల్లకి నాలుగేళ్ళు. నిండినవి నాలుగే, మడతల్లేవు. అయిదు రాసింది నేను. ఆరు చేసింది వాళ్ళమ్మమ్మ. ఏడు దాకా లాగింది వాళ్ళమ్మ. మీకొచ్చింది దీనికి రాకపోతే అది దీని తప్పు కాదు, మాది!"

టీచరు దరఖాస్తు మీద అన్నీ కొట్టేసి నాలుగు వేసింది. "ఆరు నిండాక తీసుకురండి. అంతదాకా దాని ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వండి. ఎవరూ నేర్పొద్దు."

"అంటే అయిదు నిండి ఆరు నడుస్తుండగా…" అని అత్తగారు మొదలుపెట్టింది.

"అత్తయ్యా!"

ఏడేళ్ళవాళ్ళలోంచి రెండు జడల పిల్ల వచ్చి బొంగరాన్ని కిందికీ పైకీ చూసింది. "నిజంగా నాలుగేనా? నాలుగప్పుడు నాకు గుండీ పెట్టుకోవడం కూడా రాదు తెలుసా?"

బొంగరం ముక్కు ఎగపీల్చి, గౌను గుండీ ఒకటి విప్పి, మళ్ళీ పెట్టి చూపించింది.

"నాకొచ్చు."